దండు నేర్పిన చదువు

దక్షిణమునుండి ఢిల్లీకి రైలుబండిలో పోవు తెలుగువారికి బల్హార్షా స్టేషను సుపరిచితము. అచ్చట బండి కొంతసేపు నిలుచును. మనవారు దిగి కాఫీయో, ఫలాహారమో పుచ్చుకొని మరల ఎక్కుదురు. తెలుగుమాట వినవచ్చుట అంతటితో సరియని పలువురు తలంతురు. ఆ తలంపు సరియైనది గాదు. బల్హార్షాకు పది మైళ్లు దాటని దూరమున చంద్రపూరు పట్టణమున్నది. చాందా యను పాతపేరుతో మన పెద్దలెఱిగిన యూరిదియే. గోండు రాజులు కట్టించిన కోటగోడయు, జట్‌పురా ద్వారమును నేటికిని నిలిచియున్నవి. ఈ జిల్లాలోని రాజూరా తాలూకా 1956కు పూర్వము హైదరాబాదు రాజ్యమున ఆదిలాబాదు జిల్లాలోనిది. ప్రాణహిత గోదావరిలో కలియు చోటనున్న సిరొంచ, 1982లో గడ్చిరోలి జిల్లా వేఱుపడువరకు, ఈ జిల్లాకు చెందినదే. అచ్చట ఇండ్లలో వినబడు భాష తెలుగు.

ఒక భూమి వ్యాజ్యమునకు సంబంధించిన పనిమీద మేమా యూర మూడు దినములు నిలువవలసివచ్చినది. సైన్యముతో ఈ పట్టణమునకు గల సంబంధమేమని యడిగినచో స్థానికులు రెండు చోట్లు చూపుదురు. మొదటిది, బల్హార్షా పోవు బాటలో 2019లో తెఱవబడిన సైనిక పాఠశాల. 1961లో సతారాయందు స్థాపింపబడినదాని తరువాత ఆ రాష్ట్రమున నెలకొన్న రెండవ సైనిక పాఠశాల యిది. రెండవ చోటు, భద్రావతి చెంతనున్న మందుగుండు కర్మాగారము. ఈ రెంటికి మేము మూడవదానిని చేర్చుదుము. అది పట్టణమధ్యమున నున్న దీక్షాభూమి. 1956 అక్టోబరు 14వ తేదీన నాగపురమున బౌద్ధదీక్ష గైకొనిన డాక్టరు అంబేద్కరు, రెండు దినములకు, అనగా 16వ తేదీన, ఈ యూరికి వచ్చి వేనవేల జనులకు దీక్ష నొసగెను. ఆ మైదానమునకును సైన్యమునకును సంబంధమేమని పాఠకులడుగవచ్చును. దానిని చెప్పుటయే మా ఉద్దేశము.

సైనికజీవితమునుండి నేర్చుకొనదగినదేమి యను ప్రశ్నకు సభలలో నొసగు సమాధానము మనకు కంఠపాఠము. క్రమశిక్షణ, ధైర్యము, దేశభక్తి. ఇవి అసత్యములు గావు. కాని క్రమశిక్షణ యను మాట ఉపన్యాసకుని నోట ఎంత తేలికగా వెడలునో, శ్రోత చెవినుండి అంత తేలికగా జారిపోవును. అది యే రూపమున మనుష్యుని చేతికి వచ్చును? కొలువు చాలించి యింటికి మరలినవానివెంట ఏమి వచ్చును? వాని బిడ్డలకు ఏమి మిగులును? ఈ విధముగా అడిగిననే గాని ప్రశ్నకు బలము కలుగదు.

చంద్రపూరులో మేము బస చేసిన వకీలుమిత్రుని యింటికి ఒక సాయంకాలము వృద్ధుడొకడు వచ్చెను. సిరొంచ ప్రాంతపు తెలుగువాడు. ఫిరంగిదళమున హవల్దారుగా పనిచేసి, పింఛను పుచ్చుకొని, ఆపై గనులచెంత కావలివానిగా కొంతకాలము గడిపినవాడు. ఫిరంగుల మ్రోతవలన కుడిచెవి పోయినది. అందుకు రావలసిన వైకల్యపు పింఛనుకై యేండ్ల తరబడి అర్జీలు పెట్టుకొనుచున్నాడు. వెంట ఒక నల్లని ఇనుప ట్రంకుపెట్టె తెచ్చెను. మూతపై తెల్లని రంగుతో అతని పేరును, సైనికసంఖ్యయు వ్రాయబడియున్నవి. మా వృత్తిలో కక్షిదారులు కాగితములు తెచ్చు తీరు పాఠకులలో న్యాయవాదులైనవారికి చెప్పనక్కఱలేదు. సంచిలో కుక్కి, నూనె మరకలతో, ముఖ్యమైన పత్రమొక్కటి తప్ప తక్కినవన్నియు తెత్తురు. ఈ హవల్దారు పెట్టె తెఱచినప్పుడు మేము నిజముగా ఆశ్చర్యపడితిమి. చేరిననాటినుండి విడుదలైననాటివరకు, ఆపైని ప్రతి అర్జీయు, దానికి వచ్చిన ప్రతి జవాబును, తేదీల వరుసను కట్టలు కట్టబడియున్నవి. ప్రతి కట్టపైని ఒక చీటి; చీటిపైని లోపలి కాగితముల లెక్క. ఇంత శ్రద్ధ యెట్లలవడినదని యడుగగా నతడు నవ్వి, "సారూ, ఫౌజుల కాయితం పోతె మనిషి పోయినట్టె" అనెను.

ఈ మాటలోని న్యాయశాస్త్రము అతడెఱుగడు గాని, దేశపు సర్వోన్నత న్యాయస్థాన మెఱుగును. 2013లో ధరమ్‌వీర్ సింగ్ వ్యాజ్యమున ఆ న్యాయస్థానము ఇట్లు తీర్పు చెప్పినది: సిపాయి సైన్యమున చేరునాడు జరిగిన వైద్యపరీక్షయందు రోగమేదియు నమోదు కానిచో, అతడు ఆరోగ్యవంతుడుగనే చేరెనని భావింపవలెను, తరువాత వచ్చిన చెడుగు సేవవలన వచ్చినదని యెంచవలెను, కాదని రుజువు చేయు భారము ప్రభుత్వముదే. అనగా చేరిననాటి కాగితమొక్కటి వ్యాజ్యమును నిలుపవచ్చును, పడగొట్టవచ్చును. ఆ కాగితముయొక్క నకలు మొదటి కట్టలో, పైనుండి రెండవదిగా నున్నది. ఆ ముసలివాని హక్కు ఇంకను తేలవలసియున్నది. కాని నిలువబడుటకు నేల యున్నది. ఆ నేల యతడు స్వయముగా కాపాడుకొన్నది.

క్రమశిక్షణ యన నిది. రొమ్ము విఱుచుకొని నడచుట గాదు. ఎవరును చూడని చోట, ఎవరును మెచ్చుకొనని పనిని, ముప్పదియేండ్లు ఒకే తీరున చేయుట.

ఇక దీక్షాభూమి కథకు వత్తము. విదర్భమునను, కొంకణమునను, దక్కనులోను మహారులు పూర్వము గ్రామసేవకులు. ఊరి వెలుపల నివాసము, ఊరి చాకిరి, బడి గడప తొక్కరాని యవస్థ. వీరికి ఈస్టిండియా కంపెనీవారి బొంబాయి సైన్యమున ప్రవేశము దొరకినది. 1818 జనవరి 1వ తేదీన కోరేగాము యుద్ధమున పేష్వా సేన నెదిరించిన చిన్న దళమున వీరు పెక్కురుండిరి. అచ్చటి స్తంభముపై చెక్కబడిన మృతుల పేర్లలో ఇరువదిరెండు మహారులవని చెప్పుదురు. అయితే ఆ జాతికి యుద్ధకీర్తికంటె మిక్కిలి యుపకరించినది వేఱొకటి యున్నది. అది పటాలపు బడి. సైనికులకును, వారి బిడ్డలకును, ఆడ మగ భేదము లేకుండ చదువు నిర్బంధముగ నేర్పు పాఠశాలలు పటాలములయందుండెడివని అంబేద్కరు మహాశయుడు తరువాతి కాలమున వ్రాసియున్నాడు. ఊరిలో వరండాపైని కూర్చుండుటకైనను తావులేని బాలుడు దండులో పలకపట్టి అక్షరములు దిద్దెను.

అట్టి బడిలో ఉపాధ్యాయుడైనవాడు సుబేదారు రామ్‌జీ సక్పాల్. పూనాలో బోధనాశిక్షణ పొంది, సైనిక పాఠశాలకు పెక్కేండ్లు ప్రధానోపాధ్యాయుడుగ నుండెను. ఆయన చిన్నకుమారుడు 1891 ఏప్రిల్ 14న మ్హౌ దండులో జనించెను. తండ్రి పింఛను పుచ్చుకొన్న పిదప ఆ కుటుంబము సతారాకును, అటుపై బొంబాయికిని చేరినది. చేతిలోనిది కొద్దిపాటి ధనమైనను, ఆ సుబేదారు కొడుకు పుస్తకములకు మాత్రము ఎన్నడు వెనుదీయలేదు. ఆ బాలుడే ఎల్ఫిన్‌స్టన్ కళాశాలకు, కొలంబియాకు, లండనుకు పోయి, తిరిగివచ్చి, దేశపు రాజ్యాంగరచనా సంఘమునకు అధ్యక్షుడై, తన జీవితపు తుది యేట చంద్రపూరు మైదానమున నిలిచెను. దీక్షలకు మూలము ధర్మవిచారమని మేమెఱుగుదుము. కాని యా విచారము చేయగల బుద్ధికి మొదటి అక్షరము దండులో లభించినదని చెప్పుట అతిశయోక్తి గాదు.

ఇంతలో ఆ దారి మూయబడినది. 1892-93 ప్రాంతమున మహారులను సైన్యమున చేర్చుకొనుట మానిరి. కొన్ని జాతులే యుద్ధమునకు తగినవను సిద్ధాంతము నాటి సేనానుల తలకెక్కినది. గోపాల్ బాబా వలంగ్‌కరు అను పింఛనుదారు 1894లో ఒక అర్జీ సిద్ధపఱచెను. శివరామ్ జాన్బా కాంబ్లే 1910లో సీమలోని ఇండియా మంత్రికే మహజరు పంపించెను. ఆ అర్జీలలో వారడిగినది బహుమానము గాదు. మా తండ్రులు చేసిన సేవ మీ దస్తరములలోనే యున్నది, చూచుకొనుడని యడిగిరి. మహాయుద్ధము వచ్చి మనుష్యులు కావలసివచ్చినప్పుడు, 1917లో 111వ మహార్ పటాలమును నిలిపిరి. అక్కఱ తీఱిన కొలది యేండ్లకే దానిని రద్దుచేసిరి. మరల రెండవ యుద్ధము వచ్చిననే గాని, 1941 అక్టోబరులో, మహార్ రెజిమెంటు తిరిగి పుట్టలేదు. ఆ సంవత్సరమే అంబేద్కరు రక్షణసలహాసంఘమున సభ్యుడగుట గమనింపదగినది.

ఈ కథ తెలుగువారికి క్రొత్తది గాదు. 1757లో క్లైవు వెంట వంగదేశమునకు పోయిన చెన్నపట్టణపు సిపాయిలలో మనవారుండిరి. ఆనాటినుండి ఉత్తరదేశమున సిపాయికి 'తిలంగా' యను పేరే నిలిచిపోయినది. నూఱేండ్ల తరువాత, 1857లో, ఢిల్లీ వీథులలో తిరుగుబాటు సిపాయిలను, వారిలో తెలుగువారు లేకున్నను, 'తిలంగే' యనియే పిలిచిరి. ఒక జాతిపేరు వృత్తిపేరుగ మాఱుటకంటె ఆ వృత్తిలో దానికి గల ప్రతిష్ఠకు వేఱు సాక్ష్యమేల? అయినను, 1881 మొదలు 1885 వరకు చెన్నపట్టణపు సేనలకు అధిపతియై, తరువాత యావద్భారత సేనాధిపతియైన రాబర్ట్సు దొర, దక్షిణాది సిపాయి యుద్ధమునకు తగడని తీర్మానించెను. తెలుగు పటాలములు క్రమముగా సన్నగిల్లినవి. తగమని తీర్పు చెప్పినవారు పోయిరి. వారి సిద్ధాంతమును పోయినది. పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము, రెండు ప్రపంచయుద్ధములకు బిడ్డలను పంపి, మిలిటరీ మాధవరమను పేరు తెచ్చుకొన్నది. ఉత్తరాంధ్రమునుండి వచ్చిన కె. వి. కృష్ణారావుగారు 1942లో అధికారియై, 1971 యుద్ధమున పర్వతదళమొకదానిని నడిపి, 1981 మొదలు 1983 వరకు భారత భూసేనకు అధిపతియైరి. ఆయన చేరిన రెజిమెంటు మహార్ రెజిమెంటే. తగరని త్రోసివేయబడిన రెండు జనముల కథలు ఆ యొక్క అధికారి జీవితమున కలిసికొన్నవి.

సైనికజీవితమును ఇంతగా పొగడిన మేము దాని హద్దును గూడ చెప్పవలసియున్నది. అంబేద్కరు లండనునుండి వచ్చి, విద్యార్థివేతనపు ఒడంబడిక ననుసరించి, 1917లో బరోడా సంస్థానమున కొలువునకు పోయెను. మహారాజు ఆయనను సైనికకార్యదర్శిగ నియమించెను. బిరుదు ఘనమైనది. తల దాచుకొనుటకు మాత్రము ఇల్లు దొరకలేదు. మతము మఱుగుపఱచి ఒక పార్సీల సత్రమున నుండగా, పదునొకండవ దినమున కఱ్ఱలు చేపట్టిన గుంపు వచ్చి వెడలగొట్టినది. కచేరిలో నౌకరులు కాగితములు దూరమునుండి విసరెడివారట. సైన్యపు పేరుగల ఉద్యోగము ఊరిబుద్ధిని మార్చజాలకపోయెను. దండులో నేర్చినదానికి దండు వెలుపల తావు లభింపనిచో, ఆ విద్యకు సగము ఫలమే. కావున సైన్యమునుండి నేర్చుకొనవలసినది సిపాయి మాత్రమే కాదు. అతనిని తిరిగి చేర్చుకొను ఊరును కొంత నేర్చుకొనవలెను.

రాజధానిలో కచేరీలు, ఆసుపత్రులు, న్యాయస్థానములు, వ్యాపారసంస్థలు నడపుచున్న మనవారు దీనినుండి గ్రహింపదగిన వేమి? మాకు తోచినవి మూడు.

మొదటిది, అప్పగింత. పటాలమున ఒకడు బదిలీయైన, తన బాధ్యతలోని ప్రతి వస్తువును, ప్రతి పుస్తకమును లెక్కపెట్టి, వచ్చినవానికి ఒప్పజెప్పి, సంతకము పుచ్చుకొని మఱి కదలును. మన కచేరీలలో అధికారి మాఱినచో జ్ఞాపకములన్నియు అతనితో వెడలిపోవును. క్రొత్తవాడు మరల మొదటినుండి తడవుకొనును. ఎన్ని వ్యాజ్యములు ఇందువలననే చెడిపోయెనో మేము లెక్కింపజాలము.

రెండవది, క్రిందివానికి నేర్పుట. సైన్యమున హవల్దారు, నాయకు అను మధ్యశ్రేణివారు పని చేయువారే గాక పని నేర్పువారు గూడ. తన క్రిందివాడు తన పనిని చేయలేకపోయినచో, ఆ లోపము తనదిగా లెక్కింపబడును. సుబేదారు రామ్‌జీ గొప్పదనము ఆయన భుజముపైని చిహ్నములలో గాక, ఆయన బడిలో నున్నది. మన వృత్తులలో విద్యను దాచుకొనుటయే తెలివియని యెంచు పెద్దలు కలరు. పదునైదేండ్లు ఒక ప్లీడరువద్ద కట్టలు మోసి, ఒక దావాపత్రము స్వయముగా వ్రాయ నేర్వని యువకులను మేమెఱుగుదుము.

మూడవది, ముందు నిలుచుట. 2020 జూన్ 15వ తేదీ రాత్రి గల్వాన్ లోయలో ఇరువదిమంది సైనికులు ప్రాణము లొసగిరి. అందు మొదట చెప్పవలసినవాడు 16వ బీహారు పటాలమునకు అధిపతియైన కర్నల్ సంతోష్ బాబు. సూర్యాపేట బిడ్డ, 1962లో విజయనగరము చెంత స్థాపింపబడిన కోరుకొండ సైనిక పాఠశాలలో చదివినవాడు. పటాలపు అధిపతికి ఇతరులను పంపించు అధికారము కలదు. ఆయన తానే ముందు నిలిచెను. మరణానంతరము మహావీరచక్ర మీయబడినది. ఆ ధైర్యము అందఱకు రాదు. కాని చిక్కు వచ్చినప్పుడు గుమాస్తాను ముందుకు త్రోసి తాను వెనుకనుండు అలవాటును మానుకొనుటకు అంతటి ధైర్య మక్కఱలేదు.

ఈ మాటలు నేడు చెప్పుటకు కారణమున్నది. 2022 జూన్ 14న అగ్నిపథ పథకము ప్రకటింపబడినది. దాని ననుసరించి చేరిన యువకులకు నాలుగేండ్లు కొలువు. అందు నూటికి ఇరువదియైదుగురకు మించకుండ స్థిరముగ నుంచుకొందురు. తక్కినవారు సుమారు 11 లక్షల 71 వేల రూపాయల సేవానిధి పుచ్చుకొని వెడలవలెను. పింఛను లేదు. కేంద్ర సాయుధ పోలీసు దళములలో పదింట నొకవంతు ఉద్యోగములు వీరికి ప్రత్యేకింతుమని ప్రభుత్వము 2022లో చెప్పెను. తొలి జట్టువారు 2022 చివరను, 2023 మొదటను చేరిరి గనుక, వారి గడువు 2026-27లో తీఱును. పథకముయొక్క మంచిచెడ్డలను గూర్చి వాదములున్నవి. వానిలోనికి మేమిపుడు దిగము. ఒక్క విషయము మాత్రము స్పష్టము. పూర్వపు సిపాయి ముప్పదియైదు, నలువదియేండ్ల వయసున పింఛనుతో ఇల్లు చేరెను. ఆ పింఛను గ్రాసము మాత్రమే గాదు. బిడ్డల చదువునకు మూలధనము. రామ్‌జీ సుబేదారునకు అది లేకున్న, కొడుకు ఎంతవరకు చదివియుండునో యూహింపవచ్చును. ఇప్పుడు ఇరువదిరెండు, ఇరువదిమూడేండ్ల యువకుడు, చేతిలో కొంత సొమ్ముతో, ముందు నలువదియేండ్ల జీవితముతో, మన తలుపు తట్టబోవుచున్నాడు.

ఆ తలుపు మనదే. అతనిని గేటువద్ద కావలికి మాత్రము తగినవాడని యెంచుట మన యలవాటు. ఇది రాబర్ట్సు దొర తీర్మానమునకు మఱియొక రూపము. ఆనాడు కొందఱు యుద్ధమునకే తగరనిరి. నేడు యుద్ధము నేర్చినవాడు మఱి దేనికిని తగడనుచున్నాము. మందుగుండు లెక్కలు వ్రాసినవాడు గిడ్డంగి లెక్కలు వ్రాయలేడా? సికిందరాబాదు సైనిక శిక్షణ కేంద్రములలో యంత్రములను విప్పి కూర్చుట నేర్చినవాడు మన కర్మాగారమున ఆ పని చేయలేడా? కావలసినది దయ గాదు. అతడు నేర్చినదానిని మన కచేరీల భాషలో చదువగలుగుట. సంస్థలు నడపువారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములతో ముందుగనే మాటలాడి, ఏ పనికి ఎవరు కావలెనో తెలుపవచ్చును. చదువు సగమున విడిచి చేరినవారికి సాయంకాలపు తరగతులు పెట్టించవచ్చును. సేవానిధి సొమ్మును మోసగాండ్రు కాజేయకుండ న్యాయవాదులు రుసుము లేకుండ సలహా చెప్పవచ్చును. మా వృత్తివారికి ఇది మేము ప్రత్యేకముగ చేయు మనవి.

చంద్రపూరు విడుచు దినమున ఆ హవల్దారు మరల వచ్చెను. నకలు తీయించిన పత్రములను వరుస తప్పకుండ పెట్టెలో సర్దుకొనుచుండగా అడుగున మఱియొక కట్ట కనబడినది. అది వ్యాజ్యమునకు సంబంధించినది గాదు. ఒకటవ తరగతి మొదలు కళాశాలవరకు అతని కుమార్తె పొందిన మార్కుల పత్రములు. పైని చీటి, చీటిపైని లెక్క. ఆమె యిప్పు డొక పాఠశాలలో ఉపాధ్యాయినియట. ఫిరంగులు అతని చెవిని పుచ్చుకొన్నవి. వ్యాజ్యమున గెలిచినను, ఓడినను ఆ చెవి తిరిగి రాదు. దండు అతనికి నేర్పిన చదువు మాత్రము ఆ యడుగు కట్టలో భద్రముగ నున్నది. వచ్చు రెండేండ్లలో ఇల్లు చేరబోవు పడుచువాండ్ర పెట్టెలలో గూడ అట్టి కట్టయొకటి యుండునో, ఉండదో, సగము వారి చేతిలోను, సగము మన చేతిలోను నున్నది.